కాడి కింద విశ్రాంతి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ ప్రాంతాల తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఒక మనిషి క్రైస్తవుడయ్యాడని చెప్పడానికి వాడే మాట "ప్రభువును నమ్ముకున్నాడు" అన్నది. "నమ్మాడు" అని ఎవరూ అనరు. నమ్మడమంటే ఒక సంగతి నిజమని ఒప్పుకోవడం. నమ్ముకోవడమంటే బతుకంతా తీసుకెళ్లి దానిమీద ఆనించడం. అదే ఊళ్లో ఒక కుటుంబం "భూమిని నమ్ముకున్నాం" అంటుంది, పక్క కుటుంబం "కూలిని నమ్ముకున్నాం" అంటుంది. భూమిని నమ్ముకున్నవాడు తొలకరి పడ్డాక నాగలి కట్టకుండా అరుగుమీద కూర్చోడు. అలాగని ఎదజల్లిన మర్నాడు మట్టి పెకలించి గింజ మొలిచిందో లేదో చూడడు కూడా. క్రియల్లో కనిపించే విశ్వాసమనీ, ఆత్మీయ విశ్రాంతి అనీ ప్రసంగాల్లో రెండు వేర్వేరు పాఠాలుగా వినిపించే సంగతులు ఈ ఒక్క క్రియాపదంలో ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి. వాటిని విడదీయడం వల్లనే చిక్కులు మొదలవుతాయి.

ఆంధ్రను ఆనుకున్న ఈ సరిహద్దు జిల్లాల సంఘాలకు ఆ చిక్కు కొంత వారసత్వంగా కూడా వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణమూ, కోరాపుట్ కొండసీమా మద్రాసు నుంచి విడిపోయి అటు చేరాయి గాని, అంతకుముందే ఇక్కడ రెండు క్రైస్తవ సంప్రదాయాలు వేళ్లూనాయి. 1874లో కాకినాడలో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు క్రమంగా ఉత్తరానికి వచ్చి పర్లాకిమిడిని ఒక కేంద్రంగా చేసుకున్నారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్లు సాలూరు, కోరాపుట్, జయపురం వైపు సంఘాలు కట్టారు, అవే 1928లో జయపూర్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుదిద్దుకున్నాయి. బాప్టిస్టుల బోధలో మనిషి తీసుకునే తీర్మానం, బాప్తిస్మం, బహిరంగ సాక్ష్యం ముందు నిలిచేవి. లూథరన్ల బోధలో మనిషి ఏమీ చేయకముందే దేవుడు చేసి ముగించిన పని ముందు నిలిచేది. తర్వాత కాలంలో ఉపవాస కూడికలతో, రాత్రంతా సాగే ప్రార్థనలతో స్వతంత్ర ప్రార్థనా మందిరాలు వచ్చాయి. ఒకే ఇంట్లో అత్తగారు ఒక సంఘానికీ, కోడలు మరో సంఘానికీ వెళ్లే ఊళ్లలో ఈ మూడు రకాల మాటలూ ఒకే వంటింట్లో కలుస్తాయి. కష్టం వచ్చినప్పుడు ఒకరు "ఇంకా ప్రార్థన చాలలేదు" అంటారు, ఇంకొకరు "అంతా ప్రభువే చూసుకుంటాడు, ఊరుకో" అంటారు. మొదటి మాట అలసటను తెస్తుంది, రెండోది ఒక్కోసారి సోమరితనానికి ముసుగవుతుంది. అయితే ఈ రెండూ ఒకదానికొకటి విరుగుడు కావన్నది గమనించాల్సిన సంగతి. అవి రెండూ ఒకే లోటు నుంచి పుడతాయి.

ఆ లోటు ఏమిటో బైబిల్లోని సంఖ్యాకాండములో కాదేషు దగ్గర జరిగిన కథ చాలా స్పష్టంగా చూపిస్తుంది. వాగ్దానదేశమైన కనాను పొలిమేర దాకా వచ్చిన ఇశ్రాయేలీయులు, అక్కడివారు తమకంటే బలవంతులని వేగులవారు తెచ్చిన కబురు విని, లోపలికి వెళ్లమని దేవుడు చెప్పినా కదలక గుడారాల్లో ఏడుస్తూ కూర్చున్నారు. ఆ తరం అరణ్యంలోనే రాలిపోతుందని తీర్పు విన్న మర్నాడు ఉదయం వాళ్లే లేచి, "మేము పాపం చేశాం, ఇప్పుడు వెళ్తాం" అని కొండెక్కారు. వద్దని మోషే వారించాడు. దేవుని సన్నిధికి గుర్తయిన నిబంధన మందసం పాళెం దాటలేదు. అయినా వెళ్లి హోర్మా దాకా తన్నులు తిన్నారు. ఈ కథ చెప్పేటప్పుడు మొదటి సగమే చెప్పి ఆపడం ప్రసంగాల్లో అలవాటు: భయపడి కూర్చున్నందుకు నష్టపోయారు, కాబట్టి మీరు లేచి నడవండి. రెండో సగం కూడా చదివితే ఆ ఉపదేశం నిలవదు. మొదటి రోజు వాళ్లు కదలకపోవడానికీ, రెండో రోజు కదలడానికీ కారణం ఒకటే. రెండు సార్లూ వాళ్ల లెక్కలో దేవుడు లేడు, వాళ్ల బలమే ఉంది. ఆ బలం చాలదనిపించినప్పుడు కూర్చున్నారు, చాలుతుందనిపించినప్పుడు పరుగెత్తారు. పరుగును చూసి విశ్వాసమనీ, కూర్చోవడాన్ని చూసి అవిశ్వాసమనీ తేల్చేయడం ఎంత ప్రమాదమో ఈ రెండు రోజుల చరిత్ర చెబుతుంది.

హెబ్రీయులకు రాసిన పత్రిక మూడు, నాలుగు అధ్యాయాలు ఈ కాదేషు తరాన్నే ముందు పెట్టుకుని విశ్రాంతి గురించి వాదిస్తాయి. వాదన వరుస ఇది. యెహోషువ ప్రజలను కనానులోకి నడిపించాడు, భూములు పంచాడు. అదే అసలు విశ్రాంతి అయితే, అన్ని తరాల తర్వాత తొంభై అయిదో కీర్తన "నేడు" అని మళ్లీ ఎందుకు పిలుస్తుంది? కాబట్టి దేవుని ప్రజలకు విశ్రాంతి ఇంకా నిలిచే ఉంది. ఈ చోట గ్రంథకర్త అంతవరకు వాడిన "కటాపౌసిస్" అనే గ్రీకు మాట విడిచి, కొత్త నిబంధనలో మరెక్కడా కనిపించని "సబ్బటిస్మోస్" అనే మాట తెస్తాడు. విశ్రాంతి దినాన్ని ఆచరించడం, దాన్ని పండుగలా జరుపుకోవడం ఆ మాటలో ధ్వనిస్తుంది. అంటే అలసినవాడు కూలబడి తీసుకునే విరామాన్ని మించి, పని పూర్తయినవాడు ఆ పనిని చూసి ఆనందించే స్థితి అన్నమాట. ఆదికాండములో దేవుడు ఏడో దినాన విశ్రమించింది అలసిపోయి కాదు కదా. ఆ వెంటనే వచ్చే మాట చదివేవారిని తికమక పెడుతుంది: "ఆ విశ్రాంతిలో ప్రవేశించుటకు జాగ్రత్త పడుదము." అక్కడి గ్రీకు క్రియకు త్వరపడడం, శ్రద్ధగా పూనుకోవడం అని అర్థం. విశ్రాంతి కోసం శ్రమపడమనడం విడ్డూరంగా తోస్తుంది గాని, తెలుగు చెవికి అంత విడ్డూరం కానక్కర్లేదు. విశ్రాంతి అన్న మాట సంస్కృతంలో పుట్టిందే "శ్రమ"ను ఇచ్చిన ధాతువు నుంచి. పక్కింటి ఒడియావారి "విశ్రామ"దీ అదే పుట్టుక.

ఇదంతా మాటల విశ్లేషణగా మిగిలిపోకుండా చేసే పోలిక మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. ప్రయాసపడి భారం మోస్తున్నవారిని యేసు పిలిచి విశ్రాంతి ఇస్తానన్నాడు. ఆ పిలుపు వరకే గోడలమీద రాసుకుంటారు, క్యాలెండర్లలో అచ్చువేసుకుంటారు. తర్వాతి వాక్యంలో ఆయన వారి చేతికిచ్చింది మాత్రం మంచం కాదు, కాడి. "నా కాడి ఎత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి." కాడి పని చేసేవాడి మెడమీదికే వస్తుంది. అయితే ఆ కాడి "సుళువు" అన్నాడు. అక్కడ మూలంలో ఉన్న "ఖ్రేస్టోస్" అనే మాటకు అనువైనది, మృదువైనది, దయగలది అని అర్థాలున్నాయి. ఎఫెసీయుల పత్రిక నాలుగో అధ్యాయం చివర "దయగలిగి" అని తెలుగులో చదివే చోట ఉన్నదీ ఆ మాటే.

పల్లపు పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చేశాయి గాని, కొండవాలు చెక్కల్లో ఇప్పటికీ ఎడ్లతో దున్నేవాళ్లున్నారు కనుక ఈ పోలిక ఇక్కడ పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సినది కాదు. మంచి వడ్రంగి కాడిమాను చెక్కేటప్పుడు మెడ ఆనే చోటును పదేపదే నునుపు చేస్తాడు. అక్కడ ఒక్క గరుకు మిగిలినా నాలుగు చాళ్లకే మెడ ఒరుసుకుపోతుంది, పూట తిరిగేసరికి పుండు పడుతుంది, ఆ తర్వాత ఆ ఎద్దు కాడిని చూస్తేనే వెనక్కి జంకుతుంది. కొత్త కోడెను పనిలోకి తెచ్చేటప్పుడు దాన్ని మరో కోడెతో జత కట్టరు. ఆరితేరిన ఎద్దు ఎలపట నడుస్తుంటే దీన్ని దాపట కడతారు. మొదటి రోజుల్లో బరువు చాలామటుకు పెద్ద ఎద్దే లాగుతుంది. కోడె చేయాల్సింది దానితో అడుగు కలపడమే. అది ముందుకు ఉరికితే కాడి వంకరపోయి మెడ నొక్కుకుంటుంది, వెనకబడినా అంతే. "నాయొద్ద నేర్చుకొనుడి" అన్న మాటను ఈ దృశ్యం పక్కన పెట్టి చదివితే, విశ్రాంతి పని ఆగిపోయిన తర్వాత దొరికేది కాదనీ, ఎవరి పక్కన, ఎవరి నడకతో పని చేస్తున్నామన్నదాన్ని బట్టి దొరికేదనీ తెలుస్తుంది. "మీ ప్రాణములకు విశ్రాంతి దొరకును" అన్న ముగింపు కూడా యిర్మీయా గ్రంథం ఆరో అధ్యాయపు ప్రతిధ్వని. అక్కడ నెమ్మది దొరికేది పురాతన మార్గాలను అడిగి తెలుసుకుని వాటిలో నడిచినవారికి. నిలబడి చూసి ఊరుకున్నవారికి కాదు.

అలాగని విశ్రాంతిని పూర్తిగా లోపలి స్థితిగా మార్చేసి, ఒళ్లు ఆగాల్సిన పనిలేదనడం కూడా వాక్యానికి న్యాయం చేయదు. పది ఆజ్ఞలు రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండము ఇరవైలో విశ్రాంతిదినానికి చెప్పిన కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండము అయిదులో చెప్పిన కారణం ఐగుప్తు బానిసత్వం. ఆ రెండో చోట దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి అందరూ ఆగాలని పేరుపేరునా ఉంది, ఎందుకంటే మీరూ ఒకప్పుడు సెలవు లేని దాసులే అని గుర్తు చేస్తుంది. సరిహద్దు జిల్లాల్లో ఈ ఆజ్ఞకు ఒక ధర ఉంది. నెలజీతం వచ్చే ఉద్యోగికి ఆదివారం ఆరాధన సెలవు దినపు కార్యక్రమం. రోజు కూలీకి అది ఒక పూట కూలి, సంతలో కూరగాయలు అమ్ముకునేవారికి ఆదివారం సంత పడితే వారంలో వచ్చే ఒకే మంచి బేరం. వీరందరినీ ఒకే గాటన కట్టి "ఆదివారం రాలేదేం?" అని అడగడంలో ఆలోచనలేనితనం ఉంది. కూలి వదులుకుని మందిరానికి వచ్చి కూర్చున్న ఆ మనిషి చూపులకు ఏమీ చేయడం లేదు గాని, ఆ వారంలో ఆ సంఘంలో ఎవరూ చేయనంత విశ్వాస క్రియ చేస్తున్నాడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం, మన్నా విషయంలో జరిగింది ఇదే. ఆరో రోజున రెండింతలు దొరికింది. ఏడో రోజు కూడా కొందరు బుట్టలు పట్టుకుని వెళ్లి ఖాళీ నేల చూసి వచ్చారు. రేపటికి ఉంటుందో ఉండదోనన్న భయంతో ఆ ఉదయం నడిచిన నడకను కష్టపడే స్వభావమని ఎవరూ మెచ్చుకోలేరు. అయితే కూలీ ఆగగలగాలంటే, వారం మధ్యలో అతనికి పని ఇచ్చే సంఘస్థుడు కూలి తక్కువ కట్టకుండా ఉండాలి. ఆజ్ఞ దాసుడికంటే ముందు యజమానితోనే మాట్లాడుతోంది.

"ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న నలభై ఆరో కీర్తన వచనం విశ్రాంతి గురించిన ప్రసంగాల్లో తప్పక వస్తుంది. దాన్ని తప్పుగా పట్టుకుంటే ఎక్కడికి చేరతామో 18వ శతాబ్దపు లండన్‌లో బాగా తేటపడింది. ఫెట్టర్ లేన్ వీధిలో మొరావియన్లు అనే ప్రొటెస్టెంటు శాఖవారు, తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాయకులైన వెస్లీ సోదరులు కలిసి నడిపిన ఒక సహవాసం ఉండేది. 1739 అక్టోబరులో అక్కడికి వచ్చిన ఫిలిప్ మోల్టర్ అనే మొరావియన్ బోధకుడు, పరిపూర్ణ విశ్వాసం కలిగేదాకా మనిషి ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసాల సంస్కారానికి రాకూడదనీ, వాక్య పఠనం, ప్రార్థన వంటివి కూడా మానుకుని నిశ్చలంగా కనిపెట్టుకుని ఉండాలనీ బోధించాడు. ఆ సాధనాలను పట్టుకున్నవాడు వాటినే నమ్ముకుంటాడన్నది అతని భయం. ఆ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. ఉపవాస దినాల లెక్క చెప్పుకుని దేవుడితో బేరమాడే భక్తి ఈనాటికీ ఉంది. కానీ ఆకలి తీరేదాకా భోజనానికి కూర్చోవద్దన్నట్టుంది ఆ మందు. జాన్ వెస్లీ దాన్ని ఒప్పుకోలేదు. ప్రార్థన, వాక్యం, ప్రభువు బల్ల అన్నవి కృపకు వెల చెల్లించే పనులు కావనీ, కృప వచ్చే దారులనీ, దారిలో కూర్చున్నవాడు దారిని కొన్నట్టు కాదనీ ఆయన వాదన సారం. 1740 జూలైలో ఆయన కొద్దిమందితో ఆ సహవాసం విడిచి వచ్చేశాడు.

ఆ కీర్తననే మొత్తంగా చదివితే మోల్టర్ చెప్పినంత నిశ్చలత అందులో దొరకదు. దానికి ముందరి వచనంలో దేవుడు విల్లు విరుస్తున్నాడు, బల్లెం నరుకుతున్నాడు, యుద్ధ రథాలు కాలుస్తున్నాడు. ఆ కోలాహలం మధ్య వచ్చే హెబ్రీ క్రియకు చేతులు సడలించడం, పట్టు వదలడం అని అర్థం. పోట్లాటలో ఉన్నవాడితో ఆయుధం కింద పడేయమన్నట్టు. తెలుగు అనువాదకులు "ఊరకుండుడి" అనడంలో మరో ఛాయ కూడా తెలియకుండానే చేరింది. ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని తల్లి అనే మాట "ఊరుకో". అది నోరు మూయించే ఆజ్ఞ కాదు, ఇక నేనున్నానన్న ఓదార్పు. ఊరుకున్న బిడ్డ మరుక్షణం దిగి ఆటకు పరుగెత్తినా తల్లి తప్పుపట్టదు.

యేసు ఇంటికి వచ్చినప్పుడు చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుంటే, తానొక్కతే ఉపచారంలో మునిగిన మార్త విషయంలోనూ ఇలాంటి అపార్థమే స్థిరపడింది. క్రిస్మస్‌కో సంఘ వార్షికోత్సవానికో ప్రేమవిందు పెట్టే రోజున, మందిరం వెనక తాటాకు పందిరి కింద గుండిగల దగ్గర పదిమంది ఆడవాళ్లు పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరుగుతుంటారు. ప్రసంగం వాళ్లకు మైకులో ముక్కలు ముక్కలుగా చేరుతుంది. అలాంటి రోజునే లోపల మార్త గురించి వాక్యం చెప్పి, మరియవలె పాదాల దగ్గర కూర్చోండి అని ముగించి, ఆ తర్వాత అందరూ వరసగా భోజనానికి కూర్చోవడం ఈ ప్రాంతంలో అరుదేమీ కాదు. లూకా సువార్తలో యేసు మార్తను వంట చేసినందుకు మందలించలేదు. "విచారము కలిగి తొందరపడుచున్నావు" అన్నాడు. తొందర చేతుల్లో లేదు, మనసులో ఉంది, చెల్లెలితో పోల్చి చూసుకోవడంలో ఉంది. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో మార్త ఊరైన బేతనియలో మళ్లీ విందు జరిగితే మార్త మళ్లీ ఉపచారమే చేసింది. ఈసారి ఆమె నోట ఫిర్యాదు లేదు, ఆయన నోట మందలింపూ లేదు.

విశ్వాసం వల్లనే నీతిమంతులవుతామన్న పౌలుకూ, క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబుకూ మధ్య ఉందని చెప్పే వైరుధ్యం మీద ఇక్కడ ఎక్కువ ఆగనక్కర్లేదు. అబ్రాహాము నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న ఆదికాండము పదిహేనో అధ్యాయపు మాటను ఇద్దరూ ఎత్తి చూపారు. పౌలు ఆ రాత్రి ఆకాశం కింద నిలబడ్డ అబ్రాహామును చూపిస్తాడు, యాకోబు ఇరవై రెండో అధ్యాయంలో ఇస్సాకుతో కొండెక్కుతున్న అబ్రాహామును చూపిస్తాడు. మధ్యలో చాలా ఏళ్లు గడిచాయి. నమ్ముకున్న మనిషి ఒక్కడే. 1522లో యాకోబు పత్రికను గడ్డిపత్రిక అన్న జర్మన్ సంస్కర్త లూథరే, అదే ఏడాది రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం జీవమున్నది, తీరిక లేనిది, చురుకైనది, బలమైనది అని రాశాడు. మంచి పనులు చేయాలా అని అది అడగదు, అడిగేలోపే చేసి ఉంటుందన్నది అక్కడి భావం.

విశ్వాస క్రియనూ విశ్రాంతినీ విడదీయడం వల్ల మనుషులకు నిజంగా హాని జరిగే చోటు రోగం. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా చిరకాలపు బెడద. ప్రార్థన చేయించుకున్నాక మాత్ర వేసుకుంటే అవిశ్వాసమవుతుందని మందు పక్కన పెట్టడం విశ్రాంతిలా కనిపిస్తుంది గాని, అది కాదేషులో వద్దన్నా కొండెక్కడం వంటిదే. దేవుడు చెప్పని చోటికి ధైర్యంగా నడవడం. ఈ ప్రాంత క్రైస్తవ చరిత్రే దానికి తగిన జవాబు. రాయగడ జిల్లా బిస్సమ్ కటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టరు ఎలిజబెత్ మాడ్‌సెన్ ప్రారంభించిన క్రైస్తవ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. స్వస్థపరిచేవాడు దేవుడని నమ్మిన మనుషులే రోడ్డు సరిగా లేని చోట ఆసుపత్రి కట్టారు. ప్రార్థించిన డాక్టరు సూది వేయడం మానదు, సూది వేసిన డాక్టరు రాత్రి నిద్ర మానుకుని ఫలితాన్ని తన భుజాన మోయదు. రెండోది మొదటిదానికంటే కష్టమని ఆ వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

నిద్ర సంగతి వచ్చింది కనుక మార్కు సువార్త నాలుగో అధ్యాయం చూడాలి. అందులో ఇద్దరు నిద్రపోతారు. ఒకరు ఉపమానంలోని రైతు; విత్తనం చల్లి, రాత్రి నిద్రపోతూ పగలు మేల్కొంటూ ఉంటే అతనికి తెలియని రీతిగా అది మొలిచి పెరుగుతుంది. మరొకరు ఆ ఉపమానం చెప్పిన యేసే. ఆ సాయంత్రమే దోనె ఎక్కి, పెద్ద తుఫాను లేచినా దోనె వెనకభాగాన, అమరమున తలగడమీద తల వాల్చి నిద్రపోతున్నాడు. పగలంతా చెప్పిన పాఠాన్ని రాత్రి తానే ఆచరించి చూపినట్టుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండల్లో వరదలూ కొండచరియల విరుగుళ్లూ తెచ్చిన రాత్రిని చూసినవారికి ఈ నిద్ర తేలిగ్గా మింగుడుపడదు. శిష్యులకూ పడలేదు, "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అని లేపారు. ఆయన లేచాడు, గాలిని గద్దించాడు. ఆ నిద్ర నిర్లక్ష్యం కాదనడానికి ఆయన లేచిన తీరే సాక్ష్యం. పిలుపు వినపడగానే లేచిన నిద్ర అది.

రైతు నిద్ర కూడా అలాంటిదే. ఉభాలు (నాట్లు) అయ్యాక నారు వేళ్లు పట్టుకుందా అని ఏ రైతూ పీకి చూడడు, కానీ సాయంత్రం గట్టుమీద నడిచి గండి పడిందేమో చూసి వస్తాడు. వంశధార పక్క పొలాల్లో వెన్ను ముదిరే రోజులే తుఫానుల రోజులు కూడా. అందుకే ఇక్కడి రైతుకు ఆ ఉపమానంలో అన్నిటికంటే దగ్గరగా తగిలేది చివరి వచనం. అంతవరకు భూమి తనంతట తానే పండించిందని చెబుతూ వచ్చిన మార్కు, పంట పండగానే సేద్యగాడు ఏం చేస్తాడో చెప్పడానికి తన కిష్టమైన ఒక మాట వాడతాడు: "వెంటనే" కొడవలి పెట్టి కోస్తాడు.